ఏరువాక పున్నమి రాత్రి, ద్రాస్ కొండల్లో
(యుద్ధభూముల్లో మనవాళ్లు: 11వ భాగం)

గత భాగం గల్లిపోలి దగ్గర ఆగింది. 1915 ఏప్రిల్ 25న ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కుర్రాళ్లు టర్కీ తీరంలో దిగిన రోజే మన దేశం నుంచి వెళ్లిన పర్వత ఫిరంగి దళాలు కూడా కంచరగాడిదలతో సహా అక్కడే దిగాయని చెప్పుకున్నాం. గాయపడ్డవాళ్లను గాడిద మీద వేసుకుని కిందికి చేర్చిన జాన్ సింప్సన్ కర్క్‌ప్యాట్రిక్ తన పటాలాన్ని వదిలి మనవాళ్ల గుడారాల దగ్గరే మకాం పెట్టాడని కూడా చెప్పుకున్నాం. ఆ మే 19న తూటా తగిలి పోయేనాటికి అతనికి 22 ఏళ్లు. ఆస్ట్రేలియాలో ఆ పేరు బడిపిల్లలకు సైతం తెలుసు. మరి మన బడిపిల్లలకు తెలిసిన అలాంటి పేరు ఏది?

పశ్చిమ ప్రకాశంలో ఈ ప్రశ్నను దాటేసి పోలేం. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, కంభం, అర్ధవీడు... 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉన్న ఈ నల్లమల అంచు ఊళ్లలో మిలిట్రీకి పోవడం తరాలుగా వస్తున్నదే. కంభం చెరువు కింద నాలుగెకరాలు ఉన్నవాడి సంగతి వేరు. మిగతాదంతా మబ్బు వంక చూసే సేద్యం. రెండేళ్లు వరుసగా వాన మొహం చాటేస్తే కందీ లేదు, సజ్జా లేదు. ఇంటికొకడు సైన్యంలో చేరితే నెల తిరిగేసరికి మనియార్డరు వచ్చేది. దేశభక్తి మీద ఉపన్యాసాలిచ్చే పెద్దమనుషులు ఈ మాట ఎత్తరు గానీ గుంటూరు–గుంతకల్లు రైలెక్కి పోయిన కుర్రాళ్లలో చాలామందికి జీతం, పరువు, దేశం మూడూ ఒకటే అవసరం. అందులో చిన్నతనమేమీ లేదు.

ఈ భాగంలో చెప్పబోయేది మాత్రం ఈ ఊళ్లవాడి కథ కాదు. ఇది హైదరాబాదులో పుట్టి పెరిగిన ఒక అధికారి కథ. ఆయన చివరి రాత్రి ఏం చేశాడో సరిగా తెలిస్తే, జవాన్లుగా వెళ్లిన మన పిల్లలు ఎలాంటివాళ్ల మాట మీద కొండలెక్కారో తెలుస్తుంది. అందుకే దీన్ని ఎంచుకున్నాను.

మేజర్ పద్మపాణి ఆచార్య పేరు చెబితే తెలుగువాళ్లకు ముందు నాగార్జున గుర్తొస్తాడు. 2003లో జె.పి. దత్తా తీసిన ‘ఎల్‌ఓసీ కార్గిల్’లో ఆ పాత్ర ఆయనదే. నాలుగు గంటలు దాటిన సినిమా అది. దాన్ని నేను తప్పుపట్టను, ఆ సినిమా లేకపోతే ఈ మాత్రం కూడా గుర్తుండేది కాదు. కాకపోతే తెరమీద యుద్ధమంతా కేకలతో, ఆవేశంతో నిండిపోతుంది. పద్మపాణి ఆ రాత్రి చూపింది నిబ్బరం. ఆ రెండింటికీ తేడా చెప్పడానికే ఈ భాగం.

ఇంటిది సైనిక వాతావరణమే. తండ్రి జగన్నాథ్ ఆచార్య వాయుసేనలో వింగ్ కమాండర్‌గా చేసి 1965, 1971 యుద్ధాలు చూసినవాడు. కుటుంబం మూలాలు ఒడిశావి, స్థిరపడింది హైదరాబాదులో. పద్మపాణి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ పూర్తిచేసి, 1993లో మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో చేరాడు. శిక్షణ ముగిశాక రాజ్‌పుతానా రైఫిల్స్ రెండో బెటాలియన్‌కు వెళ్లాడు. 1775 నుంచి ఉన్న రెజిమెంటు అది. జవాన్లలో ఎక్కువమంది రాజస్థాన్, హర్యానా పల్లెల నుంచి వచ్చిన రాజపుత్రులు, జాట్‌లు. హైదరాబాదు కుర్రాడు వాళ్ల భాష, వాళ్ల తిండి, వాళ్ల దేవుళ్లను తనవి చేసుకోవాలి. ‘రాజా రామచంద్ర కీ జై’ అనేది వాళ్ల యుద్ధనినాదం. జవాను ఏ ఊరివాడైనా వాడి యాస అధికారికి పట్టుబడాలి. పట్టుబడకపోతే చీకట్లో వాడు వెనకాల నడవడు. ఈ ముక్క మన ఊళ్లలో ఏ పాత సుబేదారును అడిగినా చెబుతాడు.

ఇక 1999. ఫిబ్రవరిలో ప్రధాని వాజపేయి బస్సెక్కి లాహోర్ వెళ్లివచ్చారు, 21న ఒప్పంద ప్రకటన మీద సంతకాలయ్యాయి. ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో ఆయన ప్రభుత్వం పడిపోయింది. మే నెల మొదట్లో కార్గిల్ కొండల్లో పశువులు కాసుకునేవాళ్లు కొత్త మనుషుల్ని చూశామని చెప్పారు. అప్పట్లో చలికాలంలో రెండు దేశాల సైనికులూ ఖాళీచేసి దిగివచ్చే శిఖరాల మీదికి పాకిస్తాన్ నార్తర్న్ లైట్ ఇన్‌ఫాంట్రీ సైనికులు ముందే ఎక్కి కూర్చున్నారు. పైనుంచి చూస్తే శ్రీనగర్–లేహ్ రహదారి అరచేతిలో గీతలా కనబడుతుంది. ఆ దారి తెగితే లద్దాఖ్‌కు, సియాచిన్‌కు తిండిగింజ చేరడమే కష్టం. ద్రాస్ మీదుగా వెళ్లే లారీలు రాత్రిళ్లు దీపాలార్పి నడిచేవి.

అదే జూన్‌లో ఇంగ్లండ్‌లో ప్రపంచకప్ క్రికెట్ జరుగుతోంది. 8వ తేదీన మాంచెస్టర్‌లో మనవాళ్లు పాకిస్తాన్‌ను ఓడించారు. ఊళ్లలో టీవీ ఉన్న ఇంటి ముందు జనం గుమిగూడి, ఓవరు ఓవరుకూ మధ్య కార్గిల్ వార్తలు అడిగి తెలుసుకున్న కాలం అది. మనదేశంలో ఇళ్లలోకి టీవీ తెచ్చిన మొదటి యుద్ధం కార్గిల్.

ద్రాస్ ఊరే పదివేల అడుగుల పైన ఉంది. దాని నెత్తిమీది శిఖరాలు పదిహేను, పదహారు వేల అడుగులు. అంత ఎత్తులో పది అడుగులు వేస్తే నిలబడి ఊపిరి పీల్చుకోవాలి. చెట్టు లేదు, పొద లేదు. పగలు కదిలితే పైవాడి తుపాకీకి నేరుగా దొరికిపోతారు, అందుకే రాత్రిపూట ఎక్కాలి. శత్రువు రాళ్లు పేర్చి కట్టుకున్న గూళ్లను సైనికులు ‘సంగర్’ అంటారు. ఆ రాతిగూట్లో మెషిన్‌గన్‌తో కూర్చున్న నలుగురు కిందనుంచి వచ్చే నలభైమందిని ఆపగలరు. బోఫోర్స్ ఫిరంగులు రాళ్లను పిండి చేసినా, చివరికి మనిషి నడిచి వెళ్లి ఆ గూడును ఖాళీ చేయించాల్సిందే. పైగా నియంత్రణ రేఖ దాటకూడదని ఢిల్లీ ఆజ్ఞ. చుట్టూ తిరిగి వెనకనుంచి పోయే దారి లేదు, ఎదురుగానే ఎక్కాలి.

ఆ శిఖరాల్లో ఒకటైన తోలోలింగ్ మీదికి మొదట 18 గ్రెనేడియర్స్ వాళ్లు మూడు వారాలు ప్రయత్నించారు. అధికారుల్ని, జవాన్లను పోగొట్టుకున్నారు. జూన్ 12 రాత్రి ఆ బాధ్యత లెఫ్టినెంట్ కర్నల్ ఎం.బి. రవీంద్రనాథ్ నాయకత్వంలోని 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌కు వచ్చింది. 13 తెల్లవారేసరికి శిఖరం చేతికి చిక్కింది. మేజర్ వివేక్ గుప్తా ఆ దాడిలోనే పోయాడు. కార్గిల్ యుద్ధం మలుపు తిరిగింది అక్కడే. 20న కెప్టెన్ విక్రమ్ బాత్రా ఉన్న 13 జమ్మూ కశ్మీర్ రైఫిల్స్ పాయింట్ 5140ని పట్టింది. తర్వాతి పెద్ద లక్ష్యం టైగర్ హిల్. దానికి దారి సుగమం కావాలంటే ముందు నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అని సైన్యం పేర్లు పెట్టుకున్న రాతి గుట్టల వరుస ఖాళీ కావాలి. ఆ పని మళ్లీ 2 రాజ్‌పుతానా రైఫిల్స్ మీదే పడింది. తోలోలింగ్‌లో మనుషుల్ని పోగొట్టుకుని రెండు వారాలు కాకముందే.

ఆ రెండు వారాల్లో పద్మపాణి ఇంటికి ఉత్తరం రాశాడు. సైనికుల ఇళ్లలో ఈ ఉత్తరాలు ఎలా ఉంటాయో పాఠకులకు వేరే చెప్పక్కరలేదు. పైన ‘కేరాఫ్ 56 ఏపీఓ’ అని ఉంటుంది. ఏ కొండ మీద ఉన్నాడో, ఏ లోయలో ఉన్నాడో తెలియనివ్వని చిరునామా అది. వాకిట్లో పోస్టుమాన్ కనబడితే అమ్మలు ముందు దస్తూరీ చూసేవాళ్లు. అది కొడుకుదే అయితే చాలు, లోపల ఏముందో తర్వాత సంగతి. పద్మపాణి ఉత్తరం తండ్రికి. చావులు, దెబ్బలు ఈ వృత్తిలో ఉన్నవే, వాటి గురించి దిగులు పడొద్దు, మంచి పనికోసమే కదా అన్నట్టుగా ధైర్యం చెప్పాడు. చివర ఒక కోరిక కోరాడు. ఇంట్లో భార్య కడుపుతో ఉంది. ఆమెకు రోజుకొక మహాభారత కథ చెప్పండి, పుట్టబోయే బిడ్డకు మంచి బుద్ధులు అబ్బుతాయి అని. తల్లి కడుపులో ఉండగానే పద్మవ్యూహం విన్న అభిమన్యుడి కథ తెలిసినవాడే ఈ కోరిక కోరగలడు. ఆ అభిమన్యుడు వ్యూహంలోంచి బయటికి రాలేదన్న సంగతీ అతనికి తెలియకుండా ఉండదు.

జూన్ 21 అతని పుట్టినరోజు. ముప్పై దాటీ దాటని వయసు.

28వ తేదీ సోమవారం. పంచాంగం చూస్తే అది నిజ జ్యేష్ఠ పౌర్ణమి, ఏరువాక పున్నమి. ఆరుద్ర కార్తె. అర్ధవీడు వైపు ఎద్దుల్ని కడిగి, కొమ్ములకు రంగు పూసి, అరక కట్టి నాలుగు చాళ్లు వేసే రోజు. ఆ వెన్నెలే ద్రాస్ కొండల మీదా కాసింది. రైతుకు పండుగైన పున్నమి దాడికి వెళ్లే సైనికుడికి పగ. బోడి రాయి మీద కదిలే ప్రతి నీడా పైవాడికి కనబడుతుంది.

ఇక్కడ పాఠకులు ఒక లెక్క తెలుసుకోవాలి. కంపెనీ అంటే సుమారు వందమంది, అందులో మూడు ప్లటూన్లు. దాడిలో ముందుకు వెళ్లేవి వెళ్తుండగా కమాండర్ ఒక ప్లటూన్‌ను చేతిలో ఉంచుకుంటాడు. దాన్ని రిజర్వు అంటారు. ఆ ఒక్కటే అతని మిగులు. ఎప్పుడు, ఎటు వదలాలో తేల్చుకోవడంలోనే కంపెనీ కమాండర్ ప్రతిభంతా బయటపడుతుంది. ముందే వదిలితే ఆఖర్లో చేతులు ఖాళీ. ఆలస్యం చేస్తే ముందున్నవాళ్లు మిగలరు.

ఆ రాత్రి పద్మపాణి కంపెనీ దాడి మొదలయ్యీ కాకముందే పాకిస్తాన్ ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు ప్లటూన్ మీద పడ్డాయి. ఎంతోమంది అక్కడికక్కడే కూలిపోయారు. ముందు మందుపాతరలు, పైన మెషిన్‌గన్లు, నెత్తిన గుండ్లు. దాడి అక్కడే ఆగిపోవాల్సింది. ఆగిపోయినా ఎవరూ వేలెత్తి చూపేవాళ్లు కారు. వెనక్కి వచ్చి, మళ్లీ ఫిరంగులతో కొట్టించి, మర్నాడు రాత్రి చూద్దామని వైర్‌లెస్‌లో చెప్పివుంటే అది పిరికితనం అనిపించుకోదు. కానీ ఈ ఒక్క గుట్ట ఆలస్యమైతే మొత్తం బ్రిగేడు పథకమే ఆలస్యమవుతుంది. టైగర్ హిల్‌కు వారం కూడా లేదు.

పద్మపాణి రిజర్వు ప్లటూన్‌ను తీసుకున్నాడు. పంపలేదు, తానే ముందు నడిచాడు. గుండ్లు పడుతున్న చోటునుంచే వాళ్లను దాటించి, నిలువుగా ఉన్న రాతి గోడ ఎక్కించాడు. పక్కనున్నవాళ్లు రాలిపోతున్నా మిగతావాళ్లను ఉత్సాహపరుస్తూ కదిలించాడు. సంగర్ దగ్గరికి పాక్కుంటూ వెళ్లి లోపలికి గ్రెనేడ్లు విసిరాడు. ఆ దగ్గర్లోనే ఒంటినిండా తూటాలు దిగాయి. ఇక కదలలేడు.

ఆ తర్వాత అతను ఇచ్చిన ఆజ్ఞ దగ్గర కాస్త ఆగాలి. నన్ను వదిలేసి మీరు ముందుకు పోండి అన్నాడు. సినిమాల్లో ఈ మాట వినగానే వెనకనుంచి వయొలిన్లు మోగుతాయి. నా దృష్టిలో అది త్యాగం మాటకంటే ముందు కమాండర్ మాట. ఆ నిలువు గోడ మీదినుంచి గాయపడ్డ ఒక మనిషిని దించాలంటే కనీసం నలుగురు కావాలి. ఆ నలుగురూ దిగితే ప్లటూన్ బలం తరిగిపోతుంది, పైన మిగిలిన గూడు మళ్లీ బతుకుతుంది, అప్పటిదాకా పోయిన ప్రాణాలు వృథా. ఒళ్లు ఛిద్రమైన మనిషి ఆ లెక్క తప్పకుండా వేశాడు. పడుకున్నచోటునుంచే కాలుస్తూ వాళ్లకు అండగా ఉన్నాడు. గూడు పడిపోయింది, గుట్ట చేతికొచ్చింది. పని పూర్తయిందని తెలిశాకే ప్రాణం వదిలాడని మహావీర చక్ర ప్రశంసాపత్రం చెబుతోంది.

ఆ రాత్రి అదే బెటాలియన్‌లో ఇంకో ఇద్దరు యువ అధికారులు పోయారు. వాళ్ల గురించి చెప్పకుండా పద్మపాణి కథ పూర్తి కాదు. నాగాలాండ్ కుర్రాడు కెప్టెన్ నెయికెఝాకువో కెంగురూసే అసలు సప్లై విభాగం అధికారి. అనుబంధంగా ఈ బెటాలియన్‌తో ఉన్నాడు. మెరుపుదాడులకు ఎంచిన ఘాతక్ ప్లటూన్‌ను నడిపిస్తూ రాతి గోడమీద బూట్లు జారుతుంటే వాటిని విప్పేసి, మంచులో ఒట్టి కాళ్లతో ఎక్కాడు. పాతికేళ్లు నిండలేదు. రెండోవాడు లెఫ్టినెంట్ విజయంత్ థాపర్, వయసు 22, సైన్యంలో అడుగుపెట్టి ఏడు నెలలు కూడా కాలేదు. కంపెనీ కమాండర్ పద్మపాణి పడిపోయాక మిగిలిన కొద్దిమందిని కూడగట్టుకుని నోల్ మీద పోరాడుతూ 29 తెల్లవారుజామున కన్నుమూశాడు. అతను ముందే రాసిపెట్టిన ఉత్తరం తర్వాత ఇంటికి చేరింది. అందులో, కుప్వారాలో తాను చేరదీసిన ఆరేళ్ల పాపకు నెలకు యాభై రూపాయలు పంపుతూ ఉండమని తల్లిదండ్రులకు అప్పజెప్పాడు. యాభై రూపాయలు! చావుకు ఎదురెళ్తూ నెలవారీ ఖర్చు గుర్తుపెట్టుకున్న ఆ కుర్రాణ్ని తలచుకుంటే నాకు వీరగాథలన్నీ చిన్నవైపోతాయి.

ఒక్క 2 రాజ్‌పుతానా రైఫిల్స్‌కే నాలుగు మహావీర చక్రాలు వచ్చాయి: వివేక్ గుప్తా, దిగేంద్ర కుమార్, పద్మపాణి ఆచార్య, కెంగురూసే. వీళ్లలో బతికి పతకం అందుకున్నవాడు నాయక్ దిగేంద్ర కుమార్ ఒక్కడే. విజయంత్‌కు వీర చక్ర. జూలై 4న టైగర్ హిల్ మీద జెండా ఎగిరింది. అదే రోజు నవాజ్ షరీఫ్ వాషింగ్టన్‌లో క్లింటన్ ముందు కూర్చుని సైన్యాన్ని వెనక్కి రప్పించడానికి ఒప్పుకున్నాడు. జూలై 26 నాటికి యుద్ధం ముగిసింది. మన లెక్కలో పోయినవాళ్లు 527 మంది.

పద్మపాణి పోయిన మూడు నెలలకు కూతురు పుట్టింది. అపరాజిత అని పేరు పెట్టుకున్నారు. తండ్రిని ఉత్తరాల్లో, ఇతరుల మాటల్లో వెతుక్కున్న ఆ పిల్ల పెద్దయ్యాక ఆయన జీవితం మీద పుస్తకం రాసింది. తాతగారు భారత కథలు చెప్పారో లేదో గానీ ఉత్తరం మాత్రం వృథా పోలేదు.

ఇప్పుడు మళ్లీ ఆస్ట్రేలియా దగ్గరికి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి ఆ దేశ జనాభా యాభై లక్షలు లేదు. సుమారు అరవై వేలమంది పిల్లల్ని పోగొట్టుకున్నారు. యుద్ధం అయిన కొన్నేళ్లకే ఊరూరా రాయి నిలబెట్టి పేర్లు చెక్కించుకున్నారు. అంతకంటే నాకు ముచ్చటేసేది మరొకటి. ఆ సైనికుల సర్వీసు కాగితాలన్నీ వాళ్ల జాతీయ అభిలేఖాగారం ఇంటర్నెట్‌లో పెట్టింది. ముత్తాత ఏ రోజు చేరాడు, ఎత్తెంత, ఎక్కడ గాయపడ్డాడు, ఏ వస్తువులు ఇంటికి పంపారు అన్నీ మునిమనవడు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. పంజాబ్ నుంచి మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన మూడు లక్షలకు పైగా సైనికుల వివరాల రిజిస్టర్లు లాహోర్ మ్యూజియంలో వందేళ్ల పాటు దుమ్ముకొట్టుకుని ఉంటే 2021లో వాటినీ ఇలాగే అందరికీ అందుబాటులోకి తేవడం మొదలుపెట్టారు.

మనకు ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక పోయిన పాతికవేలమందికి పైగా సైనికుల పేర్లు అక్కడి గ్రానైట్ పలకల మీద ఉన్నాయి. ద్రాస్‌లో తోలోలింగ్ పాదం దగ్గర ఇంకో స్మారకం ఉంది. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం ఊరి పేరే మిలిటరీ మాధవరం అయిపోయింది. కానీ యుద్ధంలో చనిపోనివాళ్ల సంగతి? 1962లో, 1965లో, 1971లో వెళ్లి తిరిగివచ్చి, పింఛను తీసుకుంటూ, వేపచెట్టు కింద కూర్చుని పోయినవాళ్లు? వాళ్ల పేర్లు ఏ రాయి మీదా ఉండవు. మేజర్లకు సినిమా ఉంది. పద్మపాణి వెనకాల గోడెక్కిన జవాన్లలో మీకు ఎన్ని పేర్లు తెలుసు? నిజం చెప్పాలంటే ఈ వ్యాసంలో కూడా పేరు చెప్పిన మనవాళ్లలో ఒక్క దిగేంద్ర కుమార్ తప్ప అందరూ అధికారులే.

అందుకే గిద్దలూరు, కంభం, అర్ధవీడు, మార్కాపురం ప్రాంతాల పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో నాన్నదో తాతదో ట్రంకుపెట్టె ఉంటే తెరవండి. డిశ్చార్జి బుక్కు, ఏపీఓ ముద్ర పడిన ఉత్తరాలు, పతకాలు, యూనిఫాంలో దిగిన ఫొటో దొరికితే ఫోన్‌తోనైనా సరే ఫొటో తీసిపెట్టుకోండి. డిశ్చార్జి బుక్కులో ఆర్మీ నంబరు, రెజిమెంటు, చేరిన తేదీ, వెళ్లిన చోట్లు ఉంటాయి. వాటిని ఒక కాగితం మీద రాసి, ఒక నకలు మీ ఊరి ఉన్నత పాఠశాలకు ఇవ్వండి, ఇంకోటి మాకు పంపండి. బతికున్న మాజీ సైనికులుంటే పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడించండి, వాళ్ల మాటల్లోనే రాసుకోండి. వచ్చే భాగం 1971 డిసెంబరు గురించి. అందులో అధికారుల కంటే మీ ఊళ్ల జవాన్లే ఎక్కువగా ఉండాలని నా కోరిక. కాగితాలు వచ్చే నెల మొదటివారంలోగా అందేట్టు చూడండి.